గొడుగుల బుట్టలో పెళ్లికూతురు

మా ఆడపడుచు లీవకి పాత సామాన్లంటే పిచ్చి. నాకూ ఉందనుకోండి, కానీ నాది కాస్త నెమ్మదైన పిచ్చి. ఒక వస్తువు నచ్చితే చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఇంట్లో దీన్ని ఎక్కడ పెట్టాలా అని ఒక్క క్షణమైనా ఆలోచిస్తాను. లీవ ఆ ప్రశ్న వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. వస్తువు కంటబడగానే ఆమె మెడ కొంగ మెడలా సాగుతుంది, ముక్కుపుటాలు అదురుతాయి, కాళ్లు వాటంతట అవే పరుగు తీస్తాయి. వెనకాల సంచులు మోసుకుంటూ నేను.

ఆదివారం వచ్చిందంటే మా ఊరు వీన్‌బేక్‌లో పొద్దున్నే రైలెక్కి బ్రసెల్స్ వెళ్లిపోతాం. అక్కడ మరోల్ పేటలో, రాళ్లు పరిచిన మైదానంలో పాత సామాన్ల సంత. ఎవరి అటక మీంచో, ఎవరి అల్మారా అడుగు నుంచో దిగివచ్చిన బతుకంతా అక్కడ దుప్పట్ల మీదా, అరటిపళ్ల అట్టపెట్టెల్లోనూ పడి ఉంటుంది. పిడి విరిగిన కాఫీ గిన్నెలు, ముత్తవ్వలు అల్లిన లేసులు, ఆగిపోయిన గోడ గడియారాలు, జత తప్పిన చెవిపోగులు, ఎవరివో తెలియని పెళ్లి ఫొటోలు. చేయి పెట్టి కెలికితే అడుగున ఏం తగులుతుందో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే ఉంది మజా అంతా. ఒకసారి తుప్పు పట్టిన మేకుల డబ్బాలో నాకు కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే వెండి టోపీ దొరికింది. దాన్ని వేలికి పెట్టుకుని ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయాడు.

మా ఆయన ట్యూర్‌కి ఇదంతా చూస్తే ఒళ్లు మంట. ట్యూర్ లీవకి స్వయానా అన్న. లీవ పెళ్లి చేసుకోలేదు, మా పక్కింట్లోనే ఉంటుంది, కానీ తన ఇల్లు నిండిపోయాక కొత్తగా తెచ్చినవన్నీ మా ఇంట్లో దించడం మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరు ఆదివారం మేం బయల్దేరుతుంటే ట్యూర్ గడ్డం నిండా సబ్బు నురగతో గుమ్మానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"మళ్లీనా?"

"ఊరికే చూసొస్తాం అన్నయ్యా," అంది లీవ.

"పోయినవారం కూడా చూసొస్తామనే వెళ్లి మేకని తెచ్చారు."

"అది బొమ్మ మేక. చక్రాలున్నాయి. ఎంత ముద్దుగా ఉందో!"

"స్నానాల గదిలో అది చక్రాల మీద నిలబడి నన్నే చూస్తుంటే గడ్డం ఎలా గీసుకోను? వినండి ఇద్దరూ. ఇవాళ ఇంకొక్క వస్తువు ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిందా, నేను బయటికి పోతా."

"పోయేముందు పొయ్యి ఆర్పేసి పో, పైన సూప్ ఉంది," అన్నాను నేను. లీవ కిసుక్కున నవ్వింది. ఇద్దరం వీధిలో పడ్డాం.

ఆ రోజు సంత నిజంగానే మాకు కలిసొచ్చేలా కనబడింది. అడుగు పెట్టగానే లీవకి ఈకల టోపీ ఒకటి దొరికింది. నెత్తిన పెట్టుకుని అద్దం కోసం వెతుకుతూ వెళ్లి, అద్దం కూడా బేరమాడేసింది. నాకేమో ఆకాశం మీద నమ్మకం కలగడంలేదు. మబ్బులు చర్చి గోపురం దాకా దిగి ఉన్నాయి. మైదానం మూల బూజమా అంగట్లో గొడుగులు కనబడితే అటు నడిచాను. బూజమా మొరాకో నుంచి కుర్రతనంలో వచ్చి, ఆ మూలలోనే జుట్టు నెరిపించుకున్న మనిషి. నెత్తిన తెల్ల అల్లిక టోపీ, చేతిలో ఎప్పుడూ పుదీనా టీ గ్లాసు. పైన నీలం టార్పాలిన్ కట్టుకుని, కింద రాజుగారిలా మడతకుర్చీలో కూర్చుంటాడు.

ఆయన కుర్చీ పక్కన గోడకి ఆనించి పెద్ద గుండ్రటి బుట్ట. నా నడుముదాకా వస్తుంది. దాన్నిండా గొడుగులు, చేతికర్రలు. పిల్లితల పిడి ఉన్న గొడుగు ఒకటి నచ్చి లాగబోతే దాని మొన ఎక్కడో ఇరుక్కుంది. చేయి లోపలికంటా పెట్టి తడిమాను. లోపల బుట్ట అల్లిక లేదు. నున్నగా ఉంది. ఒకచోట గుంట, దాని పక్కన ఇంకో గుంట, మధ్యలో కోసుగా పొడుచుకుపోయిన ఇంకో గుంట. గొడుగు మొన ఆ కోసు గుంటలోనే ఇరుక్కుంది. ఇదేం బుట్టరా దేవుడా అని వంగి పక్కనించి చూశాను. బుట్టకి చెవి ఉంది. పట్టుకునే పిడి కాదు, మనిషి చెవి, నా అరచేతంత. ఆ చెవికి ఇత్తడి రింగు వేలాడుతోంది.

"లీవా! ఇలా రా! పరుగెత్తుకు రా!"

ఈకలు ఊగించుకుంటూ వచ్చింది. చెవి చూసింది. సంచీ కింద పడేసి, తడి రాళ్ల మీద మోకాళ్లు ఆనించి, గోడకీ బుట్టకీ మధ్య సందులో తల దూర్చింది. నేనూ పక్కనే చతికిలబడి తల వంచి చూశాను. తలకిందులుగా, దుమ్ము కొట్టుకుపోయి, ఎర్రటి బుగ్గలతో ఇంత ముఖం మాకేసి చూస్తోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది. ముందు పళ్ల మధ్య సందు.

"వదినా," అంది లీవ గుసగుసగా, "సెఫీన్."

మీకు మా వాన్నెస్ సంగతి చెప్పాలి. మా వీన్‌బేక్‌లో ఏటా తిరనాళ్ల ఊరేగింపులో నడిచే బొమ్మ వాన్నెస్. ఇంటి పైకప్పుకి గడ్డం ఆనించగలిగేంత ఎత్తు. పేము చట్రం, దాని మీద పొడుగు కోటు, పైన కాగితపు గుజ్జుతో చేసిన తల, మెడలో బీరు కాసేవాళ్ల తోలు ఏప్రాను. లోపల ఒక మనిషి దూరి, చట్రం భుజాన వేసుకుని నడిపిస్తాడు. ఈ మధ్య ఆ మనిషి మా ట్యూరే. వాన్నెస్‌కి ఒకప్పుడు జత ఉండేది, సెఫీన్. ఇద్దరికీ నిశ్చితార్థం కూడా ఊరంతా కలిసి చేసింది. వచ్చే ఏడు పెళ్లి అనుకున్నారు. ఈలోగా బొమ్మలు దాచే బీరు కార్ఖానా పాతషెడ్డు చేతులు మారింది. వాన్నెస్ రంగులు వేయించుకోవడానికి వేరేచోట ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. సెఫీన్ మాత్రం విరిగిన పెట్టెలతో, పాత పీపాలతో కలిసి ఏ లారీలోనో ఎక్కి వెళ్లిపోయింది. నేను కోడలిగా వచ్చిన ఏడాది జరిగిన సంగతిది. అప్పట్నుంచీ వాన్నెస్ ఒంటరిగానే నడుస్తున్నాడు. పిల్లలు వెంటపడి, "వాన్నెస్, పిల్ల ఎక్కడ?" అని అరవడం మా ఊరి ఆనవాయితీ అయిపోయింది.

సెఫీన్ ముఖం ఉత్తుత్తి ముఖం కాదు. దాన్ని చేసిన శిల్పి ముందు నమూనాగా కూర్చున్నది ట్యూర్, లీవల నాయనమ్మ. ఊళ్లో అందరికన్నా బిగ్గరగా నవ్వేది ఆవిడేనట. రెండో చెవి కార్ఖానా గేటుకి కొట్టుకుని ఊడిపోతే, మిగిలిన చెవికి కర్టెన్ రింగు తగిలించినవాడు లీవ తండ్రి. చిన్నపిల్లగా ఆయన భుజాలెక్కి ఆ రింగుని స్వయంగా చెవికి దూర్చింది లీవ.

ఇప్పుడు ఆ లీవ రాళ్ల మీద కూర్చుని, ఈకల టోపీ పక్కకి జారి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఉంది. నేను ఆమెని గిల్లాను.

"ముఖం మామూలుగా పెట్టు. ఇలా చూస్తే ఆయన ధర ఆకాశానికి ఎక్కిస్తాడు."

లీవ లేచి, గౌను దులుపుకుని, ఎక్కడో చూస్తున్నట్టు నటిస్తూ, "బూజమా గారూ, ఈ గొడుగుల బుట్ట బాగుందే. ఏమాత్రం చెప్తారు?" అంది.

బూజమా టీ చప్పరించాడు. "గొడుగులు అమ్ముతాను మేడమ్. బుట్ట అమ్మను."

"ఎందుకని?"

"బుట్ట అమ్మితే గొడుగులు నా నెత్తిన పెట్టుకోనా?"

అంతలో మా వెనక ఎవరో సన్నగా దగ్గారు. తిరిగి చూస్తే ఎవ్రార్. మెరక మీద, సాబ్లోన్ పేట వైపు, అద్దాల దుకాణం ఉన్న పాతవస్తువుల వర్తకుడు. నున్నగా దువ్విన జుట్టు, పావురం రంగు సూటు, మెడలో పట్టు రుమాలు. మేం ఎక్కడ వంగితే అక్కడ చూడటం ఆయనకి అలవాటు. ఆడవాళ్లు ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుని గోడకి మొక్కుతున్నారంటే ఏదో ఉందని కనిపెట్టేశాడు. వంగి, చెవి చూసి, ఈల వేశాడు.

"ఊరేగింపు బొమ్మ తల! బూజమా, దీన్ని నాకిచ్చెయ్. ఒక భోజనశాలవాడు గోడకి తగిలించడానికి ఇలాంటిదే అడుగుతున్నాడు. నువ్వెంతంటే అంత."

"గోడకా?" అంది లీవ. "జింక తలలాగా?"

"దీపాలు పెడితే అద్భుతంగా ఉంటుంది మేడమ్. కళ్లలోంచి వెలుగు వస్తుంది."

లీవ ముఖం చూసి నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. కొట్టినా కొడుతుంది.

"ఆవిడకి చెప్పిందే నీకూ," అన్నాడు బూజమా. "గొడుగులు ఎందులో పెట్టుకోను?"

"అంతేకదా! నా దుకాణంలో నీలం పూల పింగాణీ జాడీ ఉంది. ఇంతెత్తు. ఇప్పుడే తెస్తా. ఎవరికీ ఇవ్వకు." ఎవ్రార్ మెరకెక్కే వీధిలోకి దాదాపు పరుగే తీశాడు.

మేం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా దగ్గర జాడీ లేదు. ఉన్నదల్లా ఒక అద్దం, ఈకల టోపీ.

"జాడీ కొందాం," అన్నాను.

"ఇక్కడ అంత జాడీ ఎక్కడ దొరుకుతుంది వదినా?"

సరిగ్గా అప్పుడు నా ముక్కు మీద చినుకు పడింది. రెండో చినుకు లీవ అద్దం మీద పడింది. తర్వాత చినుకులు లెక్కపెట్టే పనే లేకపోయింది, ఆకాశం ఒక్కసారిగా కుమ్మరించింది. సంతంతా గగ్గోలు. దుప్పట్లు మడిచేవాళ్లు, పుస్తకాల మీద కోట్లు కప్పేవాళ్లు, నెత్తిన పళ్లేలు పెట్టుకుని పరుగెత్తేవాళ్లు. బూజమా టార్పాలిన్ కిందికి జనం కొందరు దూరారు.

లీవ నన్ను చూసింది. నేను లీవని చూశాను. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

"బూజమా గారూ," అంది లీవ, "గొడుగులే లేకపోతే బుట్టతో మీకేం పని?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. బుట్టలోంచి పెద్ద నల్ల గొడుగు ఒకటి లాగి, ఫట్మని విప్పి, వానలోకి దూకి అరవడం మొదలుపెట్టింది. "గొడుగులండీ గొడుగులు! రాణీగారి గొడుగులు! ప్రతి పుల్లా గట్టిది!"

లీవ బడిలో వంటమనిషిగా పనిచేసి పిల్లల్ని కేకలేసిన గొంతు. మైదానం అటు చివరిదాకా వినబడింది. సిగ్గుపడేదాన్ని నేను, నాకేమయిందో తెలియదు, నేనూ ఒకటి విప్పి అందుకున్నాను. "మంత్రిగారు మరిచిపోయిన గొడుగు! వెంట్రుక తడిస్తే డబ్బు వాపసు!"

"ఎవరు వాపసిస్తారు?" అని అరిచాడు బూజమా వెనకనించి.

"మీరే!" అన్నాం ఇద్దరం.

జనం ఎగబడ్డారు. ఎర్ర చారల గొడుగుని దంపతులిద్దరు చెరోవైపు పట్టుకుని లాగారు. నన్స్ ఇద్దరు వచ్చి బాతుతల పిడి గొడుగు ఏరుకున్నారు. ఒకాయనకి పుల్లలు విరిగిన గొడుగు ఇచ్చి, "ఇది గాలి తగలడానికి సార్, కొత్త రకం," అన్నాను. ఆయన నవ్వుతూ అదే తీసుకున్నాడు. వానకి లీవ టోపీలోని ఈకలన్నీ చెంపలకి అతుక్కుపోయాయి. గొడుగులు అయిపోయాక చేతికర్రలు అమ్మింది. వానలో చేతికర్ర ఎందుకని ఒకావిడ అడిగితే, "జారిపడితే లేవడానికి!" అంది. బూజమా కుర్చీలో వెనక్కి వాలి, టీ ఒలికిపోయేలా నవ్వుతున్నాడు. అలా నవ్వడం మేమెప్పుడూ చూడలేదు.

చివరికి తల ఖాళీ అయింది. ముక్కులో ఇరుక్కున్న పిల్లితల గొడుగు ఒక్కటే మిగిలింది. నేను దాన్ని మెల్లగా ఊడదీశాను. అప్పుడు ముగ్గురం కలిసి తలని టార్పాలిన్ కింద నిటారుగా తిప్పి నిలబెట్టాం. లీవ తన స్కార్ఫుతో ముఖం తుడిచింది. దుమ్ము కింద నుంచి ఎర్రబుగ్గలు, నీలి కళ్లు, ఆ నవ్వు.

బూజమా తలని చూశాడు. పక్కన తడిసి ముద్దయి, నవ్వుతూ నిలబడ్డ లీవని చూశాడు. మళ్లీ తలని చూశాడు. లీవ ముందు పళ్ల మధ్య అదే సందు.

"మేడమ్," అన్నాడు నెమ్మదిగా, "ఈవిడ మీ చుట్టమా?"

"మా నాయనమ్మ," అంది లీవ. అంతే, ఏడుపొచ్చేసింది. కథంతా నేను చెప్పాను.

విని, ఆయన టోపీ తీసి సెఫీన్‌కి వంగి నమస్కారం పెట్టాడు. "క్షమించమ్మా, ఇన్నాళ్లు నిన్ను తలకిందులుగా నిలబెట్టాను." లీవ పర్సు తీయబోతే చేత్తో అడ్డం పెట్టాడు. "చుట్టాల్ని అమ్మే రకం కాదు నేను. తీసుకుపోండి. పెళ్లికి మాత్రం మా ఇంటావిడనీ నన్నూ పిలవండి."

అప్పుడే ఎవ్రార్ వచ్చాడు. పావురం రంగు సూటు ఎలుక రంగులోకి తిరిగింది. దువ్విన జుట్టు కళ్లల్లోకి కారుతోంది. రెండు చేతుల్లో కౌగిలించుకుని పింగాణీ జాడీ, దాని నిండా వాననీళ్లు. తలనీ లీవనీ చూసి ఆగిపోయాడు. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన ముందు బిగుసుకున్నాడు, తర్వాత ఆయన పెదవి కూడా వణికింది, తర్వాత జాడీ కింద పెట్టి పడీపడీ నవ్వాడు.

"పెళ్లా?" అన్నాడు విషయం విని. "అయితే వడ్డనకి పింగాణీ ఎవరిది? నాది కావాలంటే చెప్పండి."

తలని టార్పాలిన్ ముక్కలో చుట్టి, ముఖం మాత్రం వదిలి, చెరోవైపు పట్టుకుని స్టేషన్‌కి నడిచాం. పిల్లితల గొడుగు సెఫీన్ మీద పట్టాం, మేం తడిశాం. వీధిలో జనం ఆగి టోపీలు తీశారు. ట్రామ్ డ్రైవర్ గంట కొట్టాడు. రైలు తలుపు దగ్గర ముక్కు అడ్డం వచ్చింది. పక్కకి తిప్పితే చెవి అడ్డం వచ్చింది. లోపలివాళ్లు లాగారు, బయటివాళ్లు తోశారు, సెఫీన్ నవ్వుతూ లోపలికి వచ్చింది. సీట్లో కూర్చోబెట్టి, మధ్యలో ఆవిడ, అటు లీవ, ఇటు నేను.

టికెట్లు చూసే అతను వచ్చి మా ముగ్గురినీ పరీక్షగా చూశాడు. "ఈ నడిమి మేడమ్ టికెట్?"

"పిల్ల వయసు కింద లెక్కేసుకోండి," అన్నాను. "ఇంకా పెళ్లి కాలేదు."

"చూస్తే పెద్దావిడలా ఉన్నారే."

"నిశ్చితార్థం అయ్యి చాలా కాలమైంది. ఆయన ఎదురుచూస్తున్నాడు."

అతను తన మిషన్ మీద ఏదో నొక్కినట్టు నటించి, టోపీ అంచు తాకి, "శుభాకాంక్షలు మేడమ్," అని సెఫీన్‌తో చెప్పి వెళ్లిపోయాడు. పెట్టెలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది. గుమ్మంలోంచి తలని లోపలికి తేవాలని చూస్తే పట్టలేదు. ఎటు తిప్పినా పట్టలేదు. చివరికి గుమ్మం ముందే నిలబెట్టి, లీవ బెల్లు కొట్టి, ఇద్దరం వెనకాల దాక్కున్నాం.

ట్యూర్ అడుగుల చప్పుడు వినబడింది. తలుపు తెరుస్తూనే మొదలుపెట్టాడు. "చెప్పానా లేదా, ఇంకొక్క వస్తువు..." అక్కడితో ఆగిపోయింది మాట.

నేను మెల్లగా తొంగిచూశాను. మా ఆయన చెప్పులు లేకుండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ల నాయనమ్మ నవ్వుకి ఎదురుగా, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బడికి కొత్తగా వెళ్లిన పిల్లాడిలా చూస్తున్నాడు.

"గుమ్మం దాటి లోపలికి రాలేదన్నయ్యా," అంది లీవ తల వెనకనించి. "రూలు తప్పలేదు."

ట్యూర్ లేచాడు. చెవి రింగుని చిటికెన వేలితో మెల్లగా ఊపాడు. తర్వాత పెద్దగా ఒక కేకపెట్టి, చెప్పులు లేకుండానే వీధి పొడుగునా పరుగెత్తాడు. ప్రతి తలుపూ బాదాడు. "వచ్చేసింది! సెఫీన్ వచ్చేసింది! బయటికి రండి!" చీకటి పడకముందే మా గుమ్మం ముందు సగం ఊరు ఉంది. ఎవరో బీరు పీపా దొర్లించుకొచ్చారు. బేకరీ ఆయన ఎండు ద్రాక్షల రొట్టెలు తెచ్చాడు. ముసలివాళ్లు వచ్చి సెఫీన్ బుగ్గలు నిమిరి వెళ్లారు. పసిపిల్లల్ని ఎత్తి చూపించారు.

తిరనాళ్లు దగ్గర పడ్డాయి. తలైతే ఉంది, ఒళ్లు లేదు. బుట్టలల్లే వాళ్లు పేము చట్రం అల్లారు. ఊడిన చెవిని శిల్పకళ నేర్పే మాస్టారు కొత్తగా చేశారు. పెళ్లి బట్టలకి గుడ్డ ఎక్కడిదని ఊరేగింపు సంఘంవాళ్లు తలలు పట్టుకుంటుంటే, ట్యూర్ మా పైగది తలుపు తీసి చూపించాడు. కొన్నేళ్లుగా మేం తెచ్చి నింపిన లేసు కర్టెన్లు, దుప్పట్లు, బల్లగుడ్డలు, గుండీల డబ్బాలు. "తీసుకోండి," అన్నాడు గర్వంగా, అదంతా తనే ముందుచూపుతో కూడబెట్టినట్టు. నేను నోరు తెరవబోయాను. లీవ నా కాలు తొక్కింది, అంతే.

ఒక్క పేచీ వచ్చింది. సెఫీన్‌ని ఎవరు మోయాలి? లీవ చేయెత్తింది. సంఘంలో అందరికన్నా పెద్దాయన సిరీల్ తల అడ్డంగా ఊపాడు.

"మోసేది ఎప్పుడూ మగవాళ్లేనమ్మాయ్. ఇది ఆడవాళ్ల పని కాదు."

"సిరీల్ మామా, పెళ్లికూతురి పావడాలో ఇన్నాళ్లూ మగాళ్లు దూరడమే అసలు విడ్డూరం," అంది లీవ.

గదిలో బీరు తాగుతున్న వాళ్లందరికీ పొలమారింది. సిరీల్ కూడా ముక్కులోంచి నురగ వచ్చేలా నవ్వాడు. దాంతో ఒప్పుకున్నట్టే అయింది.

పెళ్లి రోజున మా ఊరి మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. బూజమా, ఆయన భార్య తేనె పాకం మిఠాయిలు పళ్లెం నిండా తెచ్చారు. ఎవ్రార్ కొత్త సూటులో వచ్చి, పళ్లేల కింద అచ్చు చూసి ఏ ఊరి పింగాణీయో అందరికీ చెబుతున్నాడు. ఊరి బ్యాండు ఊదింది. కార్ఖానా వైపునించి వాన్నెస్, చర్చి వైపునించి సెఫీన్. తెల్లటి లేసు కర్టెన్ల ముసుగు, గుండీలతో కుట్టిన నడుంపట్టీ. ఇళ్ల మేడల మీంచి చూసేవాళ్లకి ముఖాముఖీ ఎదురొస్తూ, ఊగుతూ నడిచింది.

మున్సిపల్ ఆఫీసు వసారాలోంచి మేయరమ్మ మెడ ఎత్తి అడిగింది. "వాన్నెస్, ఈ సెఫీన్‌ని భార్యగా స్వీకరిస్తావా?"

"స్వీకరిస్తా!" అని కోటు లోపల్నించి ట్యూర్ గర్జించాడు.

"సెఫీన్, ఈ వాన్నెస్‌ని భర్తగా స్వీకరిస్తావా?"

జనం ఊపిరి బిగబట్టారు. అప్పుడు పావడా లోపల్నించి లీవ గొంతు ఖంగుమంది. "ఇన్నాళ్లూ నన్ను వెతకలేదేం?"

మైదానం గొల్లుమంది. వాన్నెస్ అటూ ఇటూ తూలాడు.

"ఒసేయ్, సరేనను! భుజాలు విరిగిపోతున్నాయి!" అంది కోటు.

"ముందు జవాబు చెప్పు!"

"తప్పయింది! పొరపాటైంది! ఇకపై ఎప్పుడూ వదలను! చాలా?"

"అయితే స్వీకరిస్తా!"

గంటలు మోగాయి. బ్యాండువాళ్లు జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడే వాల్జ్ పాట ఎత్తుకున్నారు. అన్నాచెల్లెళ్లు లోపల ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు, కుడికి తిరుగు, కాదు ఎడమకి, నా కాలు తొక్కావు అని. పైన మాత్రం వాన్నెస్, సెఫీన్ నుదురు నుదురు ఆనించుకుని, మేఘాల్లో తేలుతున్నట్టు తిరిగారు. పాట అయ్యాక లీవ పావడా కిందనించి పాకుతూ బయటపడింది. ముఖం బీట్‌రూట్‌లా ఉంది, జుట్టులోంచి చెమట కారుతోంది. ఎవరో అందించిన బీరు గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసింది.

"వదినా, దూరు."

"నేనా? నాకు రాదు!"

"వచ్చేదేముంది, భుజాన పెట్టుకుని తిరగడమే. దూరు, బ్యాండువాళ్లు మొదలెడుతున్నారు!"

నన్ను మెడ వంచి లోపలికి తోసేసింది. లోపల చీకటి. పేము వాసన, పాత లేసు వాసన, చెమట వాసన. భుజాల మీదికి బరువు దిగింది. మోకాళ్లు వంగిపోయాయి, మళ్లీ నిలబడ్డాయి. కళ్ల ఎదురుగా గుడ్డలో కోసిన చిన్న కిటికీ, అందులోంచి మైదానం అరచేతిలో పట్టేంత కనబడింది. బ్యాండు మొదలైంది. నేను ఒకడుగు వేశాను. నా పైన ఎక్కడో, నాకు కనబడని ఎత్తులో, సెఫీన్ ఊగింది, జనం ఓహో అన్నారు. ఇంకో అడుగు వేశాను. ఎదురుగా కోటు కిటికీలోంచి మా ఆయన కళ్లు కనబడ్డాయి, ఆశ్చర్యంతో ఇంతలయ్యాయి.

"నువ్వా?" అన్నాడు.

"నేనే," అన్నాను. "కాలు తొక్కకుండా తిప్పు."

తిప్పాడు. నేను తిరిగాను. మేయరమ్మ, బూజమా మిఠాయి పళ్లెం, చర్చి గోపురం, సిరీల్ బట్టతల, లీవ ఎర్రటి ముఖం, అన్నీ కిటికీలోంచి గిర్రున తిరిగిపోయాయి. నా నవ్వు ఆ పావడా లోపల పట్టక గుడ్డ చిల్లుల్లోంచి బయటికి వస్తోందని నాకే వినబడింది. పాట అయిపోయిందని ఎవరో చట్రం తట్టి చెప్పారు. వినబడనట్టు ఇంకో చుట్టు తిరిగాను.